మహారాజశ్రీ ఓటీపీ దొరవారికి జంగ్లీఘాట్ జెట్టీ నుంచి అర్జీ

మహారాజశ్రీ ఓటీపీ దొరవారి సముఖానికి,

జంగ్లీఘాట్ జెట్టీ మీద వలలు బాగుచేసుకుంటూ, ఐసు మోసుకుంటూ, చేపలమ్ముకుంటూ బతికే తెలుగువాళ్లం విన్నవించుకునేది ఏమనగా: తమరు ఆరంకెల వారు. పుట్టిన కొద్ది నిమిషాలకే కాలం చేస్తారు. అయినా బ్యాంకులో రూపాయి కదలాలన్నా, ఆధార్ తెరుచుకోవాలన్నా, పథకంలో పేరు ఎక్కాలన్నా తమరి సెలవు కావాల్సిందే. ఇంత చిన్న ఆయుష్షుతో ఇంత పెద్ద పెత్తనం చేసినవారు మా ఎరికలో లేరు.

మేమెవరమో కూడా చెప్పుకుంటాం. మా పెద్దలు ఎక్కువమంది శ్రీకాకుళం, విశాఖ తీరాల నుంచి వేట వెతుక్కుంటూ వచ్చి ఇక్కడ పాతుకుపోయారు. 2011 జనాభా లెక్కల్లో ఈ అండమాన్ నికోబార్ దీవుల మొత్తం జనం 3.8 లక్షలు, అందులో నూటికి పదమూడు మంది మాతృభాష తెలుగు. మా పోర్ట్ బ్లెయిర్‌ను 2024 సెప్టెంబరులో శ్రీవిజయపురం చేశారు. ఊరికి ఊరే పేరు మార్చుకున్నప్పుడు తమరిని ఎవరూ పిలిచినట్టు లేదు. మా ఇంటి చిరునామా ఆన్‌లైన్‌లో మార్చుకోబోతే మాత్రం తమరు దిగిరావాల్సిందే.

తమరి మీద మాకు పగ లేదు. ఆన్‌లైన్‌లో కార్డు వాడితే రెండో తాళం తప్పనిసరని రిజర్వు బ్యాంకు 2009 ఆగస్టు 1 నుంచి అమలు చేసింది కాబట్టే, కార్డు నంబరు దొరికిన ప్రతివాడూ మా ఖాతా ఊడ్చేయలేకపోతున్నాడు. ఆ పుణ్యం తమరిదే. మా గోడు వేరు. మనిషి, ఫోను, సిగ్నల్ ఎప్పుడూ ఒక్కచోటే ఉంటాయన్న నమ్మకం మీద తమరి రాజ్యం నడుస్తోంది. జంగ్లీఘాట్‌లో ఆ మూడూ మూడు దిక్కుల్లో ఉంటాయి.

ఇంటాయన బోటెక్కి నాలుగైదు రోజుల వేటకు పోతాడు. బ్యాంకుకిచ్చిన నంబరున్న ఫోను ఆయన లుంగీ మడతలోనే పోతుంది. ఇక్కడ ఇల్లాలు పిల్లవాడి ఫీజు కట్టబోతే తమరు బయల్దేరి సముద్రం మీదికి వెళతారు. చెన్నై నుంచి ఈ దీవులకు సుమారు 2,300 కిలోమీటర్ల కేబుల్‌ను 1,224 కోట్లతో సముద్రం అడుగున పరిచి 2020 ఆగస్టు 10న ప్రారంభించారు. దాంతో దీవుల్లో నెట్ బాగుపడింది, కాదనం. కానీ ఆ కేబుల్ గట్టు మీదికి వచ్చి ఆగుతుంది, బోటు గట్టు దాటి పోతుంది. తిరిగి జెట్టీ కనుచూపులోకి రాగానే ఆయన ఫోను టింగుటింగుమంటుంది. వరసగా తమరే, అందరూ గడువు తీరినవారే.

విచిత్రమేమంటే తుఫాను కబురు నడిసంద్రం దాకా పోగలుగుతోంది. ఇస్రో తయారుచేసిన ట్రాన్స్‌పాండర్లను లక్ష వేట బోట్లకు ఉచితంగా బిగించే పథకాన్ని 2024 ఆగస్టులో మొదలుపెట్టారు. ఉపగ్రహం మీదుగా హెచ్చరికలు బోటుకు అందుతాయి, బోటు నుంచి కబురు గట్టుకూ వస్తుంది. తమరికి మాత్రం టవరు నీడ ఉంటేనే కాలు కదులుతుంది.

ఎస్సెమ్మెస్ ఒక్కటే కాకుండా ఇప్పుడు వాట్సాప్, టెలిగ్రామ్‌లలోనూ దర్శనమిస్తున్నారు. సంతోషం. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం, అప్పుడు సొంతూరు పోయినవాళ్లు చుట్టాలింటి వైఫైలో కూడా తమరిని అందుకోవచ్చు. కానీ కొత్త ఫోనులో వాట్సాప్ తెరవాలంటే ముందు మా నంబరున్న సిమ్ముకే ఎస్సెమ్మెస్‌గానో, కాల్‌గానో ఆరంకెలు రావాలి. తాళంచెవి పెట్టెలో పెట్టి, ఆ పెట్టెకు అదే తాళం వేసినట్టుంది. రీచార్జి చేయక మూడు నెలలు మూలపడ్డ నంబరు రద్దయితే, కొన్నాళ్లకు అది వేరొకరి చేతికి పోతుంది. ఆపైన తమరు ఆ కొత్త మనిషి గుమ్మంలోకి నడుస్తారు. చాలదన్నట్టు, సిమ్ము ఫోనులో లేకపోతే మెసేజింగ్ యాప్‌లు పనిచేయకూడదని, కంప్యూటర్‌లో తెరిచినవి ఆరుగంటలకోసారి మూసుకుపోవాలని టెలికాం శాఖ 2025 నవంబరులో ఆదేశించింది. దొంగల కోసం వేసిన వల అది. సిమ్ము లేని పాత ఫోనుతో నెట్టుకొచ్చే మా ముసలమ్మలు కూడా అందులో పడతారు.

తమరి వంశంలోనే మాకు పనికొచ్చేవాడు ఒకడున్నాడు. అథెంటికేటర్ యాప్‌లో పుడతాడు. మొదట ఒక్కసారి క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తే రహస్య సంఖ్య ఒకటి ఫోనులో దాగుతుంది. దాన్నీ, గడియారంలోని వేళనూ కలిపి లెక్కగట్టి ఫోను ముప్పై సెకన్లకోసారి కొత్త ఆరంకెలు చూపిస్తుంది. అవతల సర్వరు కూడా అదే లెక్క వేసుకుని సరిచూసుకుంటుంది. ఎవరూ ఎవరికీ ఏమీ పంపనక్కర్లేదు, సిమ్మూ టవరూ అక్కర్లేదు. ఈ పద్ధతి 2011లోనే ప్రమాణంగా అచ్చయింది. ఫోను నీళ్లలో పడితే పరిస్థితేమిటంటే, ముందే కాగితం మీద రాసుకున్న బ్యాకప్ కోడ్‌లున్నాయి.

రిజర్వు బ్యాంకు కూడా 2025 సెప్టెంబరులో కొత్త ఆదేశాలిచ్చింది. రెండు తాళాలు ఉండాల్సిందే, రెండోది ఎస్సెమ్మెస్సే కానక్కర్లేదంది. 2026 ఏప్రిల్ 1 నుంచి అవి అమలు. దారి తెరిచారు, అది జెట్టీ దాకా రావాలి. అందుకే మా మనవులు మూడు.

ఒకటి: ఏ ఖాతాకైనా ఎస్సెమ్మెస్, మెసేజింగ్ యాప్, అథెంటికేటర్, ఈ మూడిట్లో ఏది కావాలో మమ్మల్నే ఎంచుకోనివ్వండి.

రెండు: ఆలుమగల ఉమ్మడి ఖాతాకు రెండు ఫోన్లు నమోదు చేయండి. ఒకటి బోటు మీద, ఒకటి ఇంట్లో.

మూడు: బ్యాకప్ కోడ్‌లు తెలుగులో, హిందీలో వివరం రాసిన కాగితం మీద కౌంటరులోనే చేతికివ్వండి.

మా వంతు మేమూ చేస్తాం. వాట్సాప్‌కు రెండో పిన్ను పెట్టుకుని, దానికి ఈమెయిల్ జోడిస్తాం. పొరపాటున మీకొచ్చింది, ఆ ఆరంకెలు చెప్పండి అని అడిగినవాడు మేనమామైనా చెప్పం. మోసపోతే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ కొడతాం.

ఈ అర్జీకి జవాబును దయచేసి ఓటీపీగా పంపకండి. ఫోను వేటకు పోయింది. కాగితం మీద రాసి పంపండి.

ఇట్లు,
తమరి కోసం కళ్లు కాయలు కాచిన
జంగ్లీఘాట్ జెట్టీ జనం