పదిహేను గీతల పంచాయితీ

ఎన్టీఆర్ బిళ్ల పోటీకి పెట్టే నాణేల సెట్‌లో ఉండాలట. కాదు, దానికి అసలు చోటే లేదట. జిల్లాకే ఆయన పేరు పెట్టుకున్నాం కదా, జగ్గయ్యపేట, నందిగామ నాణేల రాయుళ్ల మధ్య ఈ తగువు ఇప్పట్లో తెగేలా లేదు. వంద అని రాసున్న బిళ్లను నాలుగు వేలు పోసి కొన్నవాడు, "బజారులో చెల్లని దాన్ని నాణెమని ఎలా అంటావయ్యా" అని ఎదుటివాడు అడిగితే ఊరుకుంటాడా? 2023 ఆగస్టు 28న సాక్షాత్తూ రాష్ట్రపతి విడుదల చేశారంటాడు, సగం వెండేనంటాడు. "ఆ లెక్కన మీ ఇంట్లో వెండి పళ్లెం కూడా చేర్చుకో" అంటాడు రెండోవాడు.

ఈ రెండోవాడి నీతి చూడండి. సెట్‌లో చలామణి అయ్యే రకాలే ఉండాలి. కానీ ఆ రకంలో తను పెట్టే బిళ్ల మాత్రం ఒక్క రోజు కూడా చలామణి అయ్యుండకూడదు! ఎవరి జేబులోనైనా పడిందా, మార్కులు గోవిందా. అమెరికాకు పంపాలి, ప్లాస్టిక్ పెట్టెలో సీలు వేయించాలి, 70కి ఎన్నో మార్కులు వేయించుకోవాలి. ఈ 70 కూడా 1949లో షెల్డన్ అనే ఆయన అమెరికా పాత సెంట్లకు ధర కట్టడానికి వేసుకున్న లెక్క. మార్కులు వేసే పీసీజీఎస్ కంపెనీ నడిపే పోటీ రిజిస్ట్రీలో పీసీజీఎస్ పెట్టె తప్ప వేరే పెట్టె చెల్లదు. పోటీ బిళ్లలకా, డబ్బాలకా?

మన జగ్గయ్యపేట స్తూపం మీద మాంధాత చక్రవర్తి నాణేల వాన కురిపించాడు. ఆ శిల్పం ఇప్పుడు చెన్నై మ్యూజియంలో ఉంది. పలకల్లాంటి బిళ్లలు, టంకశాల గుర్తు లేదు, పైగా మబ్బుల్లోంచి కిందపడ్డాయి. మనవాళ్లు చూస్తే గీతలు పడ్డాయని మార్కులు కోసేస్తారు.

సరే, పది రూపాయల బిళ్ల దగ్గరికి వద్దాం. నాకు ఒళ్లు మండేది ఇక్కడే. అంచున 15 గీతలుంటే సెట్‌లో ఒక గడి. రూపాయి గుర్తు వచ్చి గీతలు 10 అయితే ఇంకో గడి. డైమండు ముంబయి, చుక్క నోయిడా, నక్షత్రం హైదరాబాదు, ఏ గుర్తూ లేకపోతే కోల్‌కతా. సంవత్సరం మారితే మళ్లీ గడి కావాలా అక్కర్లేదా అని అర్ధరాత్రి దాకా వాట్సాప్‌లో రచ్చ. భూతద్దం పెట్టి గీతలు లెక్కపెట్టి, పదిహేనూ తేలితే పుత్రోత్సాహం!

ఆ గీతలు లెక్కపెట్టేవాళ్లు వేరే కూడా ఉన్నారు. హైవే మీద చిల్లకల్లులో దిగి వేదాద్రి ఆటో ఎక్కబోయే ముసలమ్మ కొంగుముడి విప్పి మూడు పదిరూపాయల బిళ్లలు చేతిలో పెడుతుంది. డ్రైవరు ఒకదాన్ని వెలుగులోకి తిప్పి చూస్తాడు. "ఇది పదిహేను గీతలది, చెల్లదు మామ్మా. నోటియ్యి." నోటు ఉంటే ఆవిడ బిళ్లలు ఎందుకు ఇస్తుంది? అప్పటిదాకా వచ్చిన పద్నాలుగు రకాల పదిరూపాయల బిళ్లలూ చెల్లుతాయని 2018 జనవరిలోనే రిజర్వు బ్యాంకు చెప్పింది. వెయ్యి రూపాయల దాకా బిళ్లల్లో చెల్లించినా పుచ్చుకోవాలని 2011 నాణేల చట్టంలోనే ఉంది. అయినా కిరాణా కొట్టులో కాదంటారు, కూరగాయల బండి దగ్గర కాదంటారు. కూలి డబ్బుల్లో వచ్చిన పదిని ఎవరూ పుచ్చుకోకపోతే ఆవిడ ఏం తినాలి? చివరికి హుండీలో వేస్తుంది. వేదాద్రి యోగానంద నరసింహస్వామి ఒక్కడే గీతలు లెక్కపెట్టడు.

పదిహేను గీతలది చెల్లదనే ఈ పుకారును పది నిమిషాల్లో చంపగలిగినవాళ్లు ఎవరు? రెండు రకాలూ అసలువేనని, ఏది ఏ టంకశాలదో, ఏ సంవత్సరందో కంఠతా వచ్చిన ఈ నాణేల పండితులే. ఒక్కడూ నోరు విప్పడు. బిళ్లలు బజారులో తిరగకపోతే అరిగిపోవుగా! పాత నోట్లు, నాణేల కొనుగోళ్ల పేరుతో జరిగే మోసాల మీద 2021లో రిజర్వు బ్యాంకు హెచ్చరించినప్పుడూ వీళ్లది ఇదే మౌనం.

అయ్యా, ఎన్టీఆర్ బిళ్లను చేర్చుకుంటారో గెంటేస్తారో మీ ఇష్టం. ముందు చిల్లకల్లు సెంటర్‌కి మీ పెట్టె పట్టుకురండి. 68 మార్కులు వచ్చిన ఆ పదిహేను గీతల బిళ్లను ఆటోడ్రైవరుకు చూపించి, ఇదీ మామ్మ చేతిలోదీ ఒకటేనని చెప్పి ఆవిడను ఎక్కించండి.