ఫొటో పడింది, చుక్క పడలేదు

మన ప్రభుత్వాలు దేన్నైనా లెక్కపెట్టగలవు, నీళ్లను తప్ప. డ్రిప్పు తనిఖీ చూసినవాళ్లకి ఈ సంగతి వేరే చెప్పనక్కర్లేదు.

2003లో ఉమ్మడి రాష్ట్రంలో సూక్ష్మ సేద్య ప్రాజెక్టు మొదలైనప్పటి నుంచి డ్రిప్పు అంటే సబ్సిడీ, సబ్సిడీ అంటే తనిఖీ. పైపులు కంపెనీవి, పొలం రైతుది, డబ్బులో సింహభాగం సర్కారుది. సన్నకారు రైతుకి 90 శాతం దాకా సర్కారే భరిస్తుంది. అంత పెట్టాక సొమ్ము పొలంలోకి దిగిందో లేదో చూసుకోవడం న్యాయమే. చూస్తారు కూడా. పనిచేస్తోందా అన్న ప్రశ్న దగ్గరికొచ్చేసరికి మాత్రం భోజనాల వేళవుతుంది.

అనంతపురం జిల్లాలో ఒక చీనీ తోట అనుకోండి. సారు వస్తున్నారని ముందురోజే కబురు. కొట్టంలో చుట్టలు చుట్టి పెట్టిన లేటరల్ పైపులు సాయంత్రానికల్లా సాళ్లలోకి దిగుతాయి. ఉడతలు కొరికిన చోటల్లా సైకిల్ ట్యూబు ముక్క చుట్టి ఉంటుంది. పరికరం ఆయుష్షు ఏడేళ్లు, అవి నిండాకే అదే పొలానికి మళ్లీ సబ్సిడీ అని కేంద్రం మార్గదర్శకాల్లో రాసుకుంది గానీ, ఉడతలు వాటిని చదవవు. నీళ్లలో ఎరువు కలిపే వెంచురీ ఎప్పుడో విరిగిపోయింది గనక పక్క తోటాయన దగ్గర ఒక పూటకి బదులు తెస్తారు, పెళ్లిచూపులకి నగలు తెచ్చుకున్నట్టు.

సారు దిగుతారు. ఇసుక ఫిల్టరు ఉంది, జాలీ ఫిల్టరు ఉంది, 16 ఎంఎం పైపు 16 ఎంఎమ్మే. ఇక అసలు ఘట్టం.

"పెద్దాయనా, ఫిల్టరు పక్కన నిలబడు. తలగుడ్డ తియ్యి, మొహం కనపడాల."

అక్షాంశం, రేఖాంశం పడితే తప్ప ఫొటో చెల్లదు. యాప్ తెరుచుకోవాలంటే సిగ్నలుండాలి. సిగ్నలు గట్టు మీదుంది, ఫిల్టరు బోరు దగ్గరుంది. ఫోను పైకెత్తి సారు, ఎండకి కళ్లు చికిలించి రైతు, ఇద్దరూ కాసేపు ఆకాశం వైపే చూస్తారు. వాన కోసం కాదు, టవరు కోసం.

ఈ హడావుడిలో ఎవరూ చెయ్యని పరీక్ష ఒకటుంది. పైసా ఖర్చు లేదు. గంటకి 4 లీటర్ల డ్రిప్పరు కింద స్టీలు గ్లాసు పెట్టి మూడు నిమిషాలు వాచీ చూస్తే 200 మిల్లీలీటర్లు పడాలి. మొదటి చెట్టు కిందా, చిట్టచివరి చెట్టు కిందా పట్టి చూస్తే డ్రిప్పు జాతకమంతా బయటపడుతుంది. బోరు నీళ్లలో సున్నం ఎక్కువైన చోట అడపాదడపా యాసిడ్‌తో కడగకపోతే డ్రిప్పర్లు పూడిపోతాయి. కడగాలని చెప్పేవాళ్లు బిల్లు వచ్చాక కనపడరు. అందుకని రైతు తన ఇంజనీరింగు తానే చేసుకున్నాడు. లేటరల్ చివర బిరడా పీకేశాడు. నీళ్లిప్పుడు ధార కట్టి పాదుల్లోకి పోతున్నాయి. ఫొటోలో ఇది కనపడదు. ఫొటో ఫిల్టరు దగ్గర కదా తీసింది!

రైతుని తప్పుపట్టడానికి నాకు నోరు రాదు. చెట్టు ఎండితే సారు ఫోనులోంచి నీళ్లు రావు. పైగా 2004 నుంచి సేద్యానికి కరెంటు ఉచితం. ఒక చేత్తో నీళ్లు మిగిల్చే పైపుకి డబ్బిచ్చి, ఇంకో చేత్తో ఎన్నైనా తోడుకోమని కరెంటిచ్చే ఉదారత మనకే చెల్లింది. ఎన్ని నీళ్లు తోడారో చెప్పే గడి ఏ ఫారంలోనూ ఉండదు. ఉన్నా నింపేదెవరు, బోరుకి సంతకం రాదాయె.

బాగా నడిచే డ్రిప్పులు లేవని కాదు. ఉన్నాయి, అక్కడ నీళ్లు నిజంగానే మిగులుతాయి. మిగిలినవి భూమిలోనే ఉండిపోతాయని పథకం రాసినవాళ్లు అనుకున్నారు, పాపం. అలాంటి తోటలోనే సంతకాలయ్యాక సారు అడిగారు.

"ఏం పెద్దాయనా, నీళ్లు మిగులుతాండాయా?"

"మిగులుతాండాయి సార్. అందుకే పక్కన రెండెకరాలు అరటి పెట్టినా."

"దానికి డ్రిప్పుందా?"

"యాడిది సార్! కాలవ తీసి నీళ్లు కడతాండా."

సారు జేబులో పెట్టిన ఫోను మళ్లీ బయటికి తీశారు.

"ఆధార్ కార్డు తెచ్చినావా? దానికీ అప్లికేషను పెట్టేద్దాం."