రెండు వేల తీగెలు

చేతిలోకి తీసుకుని చూస్తే గుండ్రటి లోహపు చట్రానికి బిగించిన పల్చటి బూడిదరంగు తెరలా ఉంటాను. దీపానికి అడ్డం పెట్టి చూస్తే గానీ తీగెలు కనిపించవు. 10 మైక్రాన్ల మందపు టంగ్‌స్టన్ తీగెలు, 25 మైక్రాన్లకు ఒకటి చొప్పున, 5 సెంటీమీటర్ల వెడల్పున రెండు వేలు. మీ తల వెంట్రుక వాటికి ఇంచుమించు ఏడింతలు లావు. అన్నీ ఒకే దిక్కుకు సాగినవే, అడ్డంగా ఒక్కటీ లేదు. పడుగే తప్ప పేక లేని బట్టను నేను.

తీగెల వెంబడి ఊగే విద్యుత్ క్షేత్రం వాటిలోని ఎలక్ట్రాన్లను పరిగెత్తిస్తుంది. ఆ తరంగాన్ని అద్దంలా వెనక్కి తిప్పేస్తాను. తీగెలకు అడ్డంగా ఊగేది నన్ను దాటిపోతుంది. కొత్త విద్యార్థులు చాలామంది దీన్ని తలకిందులుగా ఊహిస్తారు, సందుల వెంట ఊగేదే దూరిపోతుందని. మా వంశానికి పెద్దదిక్కు 1888లో హైన్‌రిక్ హెర్ట్జ్ తన రేడియో తరంగాలకు అడ్డం నిలబెట్టిన నిలువెత్తు తీగెల చట్రం. తర్వాత కొన్నేళ్లకే కలకత్తాలో జగదీశ్ చంద్ర బోస్ రైల్వే టైంటేబుల్ పుస్తకం పేజీల మధ్య తగరపు రేకులు పెట్టి, మిల్లీమీటరు తరంగాలకు అదే పని చేయించాడు. ఆ పుస్తకం నాకు చుట్టమని చెప్పుకోవడం గర్వంగా ఉంటుంది. నా వంతుకు వచ్చినవి ఇంకా పొట్టివి: 1 టెరాహెర్ట్జ్ దగ్గర తరంగం పొడవు 300 మైక్రాన్లు.

మా బల్ల మీద లేజర్ కాంతి తునకలు చిన్న అర్ధవాహక యాంటెన్నా మీద పడతాయి. అక్కడ పుట్టిన టెరాహెర్ట్జ్ తరంగాన్ని నాలాంటిదే ఇంకో జాలీ 45 డిగ్రీలకు వంచి పంపుతుంది. అంటే దానిలో రెండు ఊపులు సమానంగా కలిసి ఉంటాయి: కొలవబోయే సిలికాన్ వేఫర్ ఉపరితలానికి సమాంతరంగా ఊగే ‘ఎస్’, దానికి లంబంగా, పతన తలంలోనే ఊగే ‘పీ’. కవలల్లా బయల్దేరతాయి. 70 డిగ్రీల పతన కోణంలో వేఫర్‌ను తాకి లేచేసరికి ఒకటి చిక్కిపోతుంది, ఒకటి వెనకబడుతుంది. ఇక అవి రెండూ కలిసి గీసేది సరళరేఖ కాదు, దీర్ఘవృత్తం. 1945లో అలెగ్జాండ్ర్ రోథెన్ ఈ పరికరానికి పెట్టిన ఎలిప్సోమీటర్ అన్న పేరు దానిమీదే వచ్చింది. నేను ఒకసారి పీని వదులుతాను, 90 డిగ్రీలు తిరిగి ఎస్‌ని వదులుతాను. వాటి పరిమాణాల నిష్పత్తి నుంచి ‘సై’, దశల తేడా నుంచి ‘డెల్టా’ వస్తాయి. ఆ రెంటి నుంచి పదార్థపు వక్రీభవనం, శోషణ రెండూ తేలతాయి.

నేను రాకముందు ఇదే బల్ల మీద వేరే పద్ధతి నడిచేది. వేఫర్ తీసి, సరిగ్గా అదే చోట అద్దం పెట్టి, రెండు కొలతలనూ పోల్చేవారు. ఆ ‘సరిగ్గా’ దగ్గరే అందరి ప్రాణం పోయేది. కిరణం నిటారుగా పడేటప్పుడు అద్దం 10 మైక్రాన్లు వెనక్కి జరిగిందంటే రానూ పోనూ 20 మైక్రాన్లు. 1 టెరాహెర్ట్జ్ దగ్గర దశలో 24 డిగ్రీల తప్పు. నా కొలతలో అద్దమే లేదు. పీకి ఎస్సే సాక్షి. ఇద్దరూ ఒకే దారిన వచ్చారు కనుక వేఫర్ కాస్త జరిగితే ఇద్దరి దారీ ఒకేలా మారుతుంది, నిష్పత్తిలో ఆ తప్పు కొట్టుకుపోతుంది. 2001లో ఒసాకాలో నగషిమా, హంగ్యో బాగా మాదీకరణ చేసిన, అంటే వేరే పరమాణువులు కలిపిన, సిలికాన్‌ను ఈ దారిలోనే కొలిచి ప్రకటించారు.

ఎందుకింత శ్రమ? 5 లక్షల సిలికాన్ పరమాణువులకు ఒక్క ఫాస్ఫరస్ పరమాణువు కలిపితే చాలు, టెరాహెర్ట్జ్‌కు వేఫర్ పూర్తిగా మారిపోతుంది. కంటికి కనిపించే కాంతికి ఆ తేడా ఇంచుమించు తెలియనే తెలియదు. స్వేచ్ఛగా తిరిగే ఎలక్ట్రాన్ రెండు ఢీల మధ్య పరిగెత్తేది పికోసెకనులో దాదాపు పదో వంతు. 1 టెరాహెర్ట్జ్ ఒక ఊపుకు పట్టేది ఒక పికోసెకను. రెండు కాలాలూ ఇంత దగ్గర కనుకే ఎలక్ట్రాన్ల సంఖ్య, అవి ఎంత సులువుగా కదులుతాయన్నది రెండూ విడివిడిగా చెప్పగలం, వేఫర్‌కు ఒక్క తీగె కూడా అతికించకుండా. ఇక్కడ ఒక మాట చెప్పకుండా ఉండలేను. పరావర్తనమైన కాంతి ధ్రువణం నుంచి పదార్థ గుణాలు రాబట్టే లెక్కను 1880ల చివర వేసినవాడు పాల్ డ్రూడ్. లోహాల్లో ఎలక్ట్రాన్లు ఎలా ఢీకొంటూ పరిగెడతాయో 1900లో చెప్పినవాడూ ఆయనే. నా ప్రతి కొలత ఆయన మొదటి లెక్కతో మొదలై రెండో లెక్కతో ముగుస్తుంది. దీన్ని తలచుకున్నప్పుడల్లా నాకు ఒళ్లు పులకరిస్తుంది.

నాకు దెబ్బ తగిలింది ఒక సాయంత్రం. నా మీద దుమ్ము కనబడి ఒక కుర్రాడు మంచి మనసుతోనే దూదితో తుడవబోయాడు. అంచు దగ్గర కొన్ని తీగెలు తెగాయి, కొన్ని ఒకదానికొకటి అంటుకున్నాయి. నొప్పి సంగతి సరే, ఆ సందులోంచి ఎస్ దొంగతనంగా దాటిపోతోందే అన్నది నా బాధ. మర్నాటి నుంచి లెక్క తప్పింది. కల్తీ లేని సిలికాన్ వక్రీభవన గుణకం 3.42, పతన కోణాన్ని 73.7 డిగ్రీలకు మారిస్తే దాని మీంచి పీ దాదాపు రాకూడదు.

“మేడమ్, పీ సున్నాకి రావట్లేదు.”

“వేఫర్ మార్చి చూశావా?”

“మూడు మార్చాను మేడమ్.”

“అయితే తప్పు వేఫర్‌ది కాదు నాన్నా. జాలీ తీసి, వెనక టార్చి పెట్టి చూడు.”

చూశాడు. తెగిన తీగె వెంట్రుక కొసలా వంకరగా లేచి వెలుతురులో మెరిసింది. అతని మొహం వాడిపోయింది. తెగిన తీగెను అతికించే వీలు లేదు. ఆవిడ ఒక్క మాటా అనకుండా నన్ను చట్రంతో సహా పక్కకు జరిపి, కిరణం బాగున్న చోటి నుంచే వెళ్లేలా బిగించింది. పీ మళ్లీ అడుగంటింది. అప్పటి నుంచి నన్ను అంచు పట్టుకునే తీస్తున్నారు.

ఈరోజు బయట జోరువాన. తేమ మాకు శత్రువు. నీటి ఆవిరి 0.557, 1.097 టెరాహెర్ట్జ్‌ల దగ్గర మా వర్ణపటంలో గోతులు తవ్వేస్తుంది. అందుకే పెట్టె మూసి నైట్రోజన్ వదిలారు, సన్నగా బుస కొడుతోంది. తేమ మీటరు 4 శాతం చూపేదాకా ఆ కుర్రాడు మోటారు మీట ముట్టుకోలేదు. ఫాస్ఫరస్ కలిపిన వేఫర్ కోణం మళ్లీ సరిచూసి, తర్వాత నన్ను తిప్పాడు. 73.7 డిగ్రీల దగ్గర ఈసారి పీ పోలేదు, బలంగా నిలబడింది. “ఇది నిజమైన పీయేనా మేడమ్?” అన్నాడు. ఆవిడ కల్తీ లేని వేఫర్ అందించింది, దాన్ని పెట్టి మళ్లీ కొలవమని.