ప్రేక్షక శిరోమణికి సన్మానపత్రం

అయ్యా,

మనిషి రోడ్డు మీద పడగానే బండికి స్టాండు వేసి, ఫోను తీసి, అడ్డంగా పట్టుకోవాలా నిలువుగా పట్టుకోవాలా అని అరక్షణం ఆలోచించి, రీల్సుకు నిలువే నప్పుతుందని తేల్చుకున్న మీ సమయస్ఫూర్తికి ముందుగా వందనం. మీ చెయ్యి వణకలేదు. పడినవాడి చెయ్యి వణికింది, అది స్పష్టంగా వచ్చింది కూడా. మీ వీడియో అంబులెన్సు కంటే ముందు బయల్దేరి ఊరంతా తిరిగింది. పడినవాడి భార్య వంటింట్లో ఉండగా అది "పాపం ఎవరో" అంటూ కాలనీ గ్రూపులోకి వచ్చింది. చొక్కా చూసి గుర్తుపట్టింది ఆవిడ. పోలీసులు నెమ్మదిగా, ఎవరో పెద్దవాళ్లకు ముందు చెప్పి, ఆ తర్వాత ఆమెకు చేరవెయ్యాల్సిన కబురును మీరు నేరుగా, ఉచితంగా, విషాద గీతంతో సహా అందజేశారు. ఇంతటి సేవకు ఊరి తరఫున ఒక సన్మానపత్రమైనా లేకపోతే మర్యాదగా ఉండదు.

మీ ఒక్కరికే చేస్తే మిగతా బృందం నొచ్చుకుంటుంది. ఎల్‌బీ నగర్ అయినా, బెజవాడ బెంజి సర్కిల్ అయినా ఈ బృందంలో పాత్రలు మారవు. రక్తం ఆగకముందే "తప్పు బైకువాడిదే, నేను చూస్తూనే ఉన్నా" అని తీర్పు చెప్పే పెద్దమనిషి ఒకరుంటారు. చూస్తూనే ఉన్నారు, అందులో అబద్ధమేమీ లేదు. "108కి ఎవరైనా చేశారా?" అని అందర్నీ అడిగే ఆయన ఒకరు, "చేసే ఉంటార్లే" అని అందరి తరఫునా జవాబు చెప్పే ఆయన ఇంకొకరు. ఇరవై అడుగుల దూరం నుంచే రోగం తేల్చేసే వైద్యశిఖామణి ఎలాగూ ఉంటాడు: "తాగి పడ్డాడులే." మే నెల ఎండకు సొమ్మసిల్లిన ముసలాయన తాగి పడ్డాడు. షుగరు పడిపోయి మాట తడబడుతున్న కూలీ తాగి పడ్డాడు. ఈ డాక్టరు గారి పుస్తకంలో రెండో జబ్బు లేదు.

కాస్తో కూస్తో కదిలేవాళ్లూ ఉన్నారు, వాళ్లను మరిచిపోకూడదు. ఫిట్సు వచ్చినవాడి చేతిలో తాళంచెవులు పెట్టేది వీళ్లే. స్పృహ లేనివాడి నోట్లో సీసాడు నీళ్లు పోసేదీ వీళ్లే. ఆ నీళ్లు ఊపిరితిత్తుల్లోకి దిగుతాయనీ, మనిషిని పక్కకు తిప్పి పడుకోబెట్టాలనీ, రక్తం కారేచోట శుభ్రమైన గుడ్డ వేసి గట్టిగా అదిమి పట్టాలనీ వాళ్లకెవరూ చెప్పలేదు. లైసెన్సు ఇచ్చేవాళ్ల ధ్యాసంతా ఎనిమిది అంకె మీదే. బండితో ఎనిమిది వేసి కాలు కింద పెట్టకపోతే చాలు, మన అబ్బాయి పాసు. అదే అబ్బాయి ఉద్యోగానికి ఫ్రాంక్‌ఫర్ట్ వెళ్లి అక్కడి లైసెన్సు తీసుకోవాలంటే ప్రథమచికిత్స క్లాసులో కూర్చుని తీరాలి. అక్కడి చట్టం ఆపదలో ఉన్నవాణ్ణి చూసి కూడా చెయ్యగలిగిన సాయం చెయ్యకుండా పోయినవాడికి ఏడాది దాకా జైలు వేస్తుంది. ఫ్రాన్సులోనైతే అయిదేళ్ల వరకు జైలు, 75,000 యూరోల వరకు జరిమానా. మన దేశం ఎంత చల్లని తల్లో చూడండి. ఇక్కడ గుద్దినవాడు ఆగాలి తప్ప, చూసినవాడు చూస్తూ నిలబడటం ఏ నేరమూ కాదు.

1968లో జాన్ డార్లీ, బిబ్ లాటనే అనే అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్తలు మీ విద్యను ప్రయోగశాలలో పరీక్షించారు. ఎవరికో మూర్ఛ వచ్చినట్టు మైకులో వినిపించారు. ఆ మొర తానొక్కడే విన్నాననుకున్నవాళ్లలో 85 శాతం మంది అది ఆగకముందే లేచి వెళ్లి చెప్పారు. ఇంకో నలుగురు కూడా వింటున్నారనుకున్నవాళ్లలో 31 శాతమే అలా లేచారు. పాపం, దీనికోసం గదులు, మైకులు, టేపులు! మన కూడలికి వచ్చి ఉంటే ఖర్చంతా మిగిలేది.

ఇక అసలు సంగతి. "ఎందుకు ఎత్తలేదండీ?" అని అడిగితే మీ దగ్గర తాతల నాటి జవాబు ఒకటి ఉంది. "కేసవుతుంది సార్. పోలీసులు, కోర్టులు, మనకెందుకొచ్చిన గొడవ!" ఈ జవాబు మీద ఇన్నేళ్లుగా ఎన్ని దాడులు జరిగాయో తెలిస్తే మీ కడుపు తరుక్కుపోతుంది.

స్కూటరు మీద పోతున్న ఒకాయన్ని కారు గుద్దింది. దగ్గరి ఆస్పత్రికి తీసుకెళ్తే మెడికో లీగల్ కేసు తాము చూడమని చెప్పి ఇరవై కిలోమీటర్ల అవతలి ఆస్పత్రికి పొమ్మన్నారు. దారిలోనే ప్రాణం పోయింది. దాని మీద పరమానంద్ కటారా వేసిన కేసులో 1989లోనే సుప్రీంకోర్టు తేల్చేసింది. సర్కారు డాక్టరైనా ప్రైవేటు డాక్టరైనా ముందు ప్రాణం నిలబెట్టాలి, పోలీసు కాగితాలు తర్వాత చూసుకోవచ్చు. మీరు చెక్కుచెదరలేదు. సేవ్‌లైఫ్ ఫౌండేషన్ 2012లో వేసిన వ్యాజ్యంలో, సాయపడినవాణ్ణి వేధించకూడదంటూ కేంద్రం రాసుకున్న మార్గదర్శకాలను అందరూ పాటించి తీరాల్సిందేనని 2016 మార్చి 30న అదే కోర్టు చెప్పింది. మీరు చలించలేదు. 2019లో మోటారు వాహనాల చట్టంలో 134ఎ అని కొత్త సెక్షనే చేర్చారు. 2020లో దానికి నియమాలు కూడా రాశారు. మీరు ఇంకా "కేసవుతుంది" దగ్గరే ఉన్నారు. ఇంత నిబ్బరానికి శాలువా సరిపోదు, దుప్పటి కప్పాలి.

ఆ మార్గదర్శకాల్లో, చట్టంలో, నియమాల్లో ఏముందో మీకు చెప్పడం క్రూరత్వమేనని తెలుసు. అయినా సన్మానపత్రంలో నిజాలు కొన్ని ఉండాలి కదా. ఫోను చేసి ప్రమాదం సంగతి చెప్పినవాణ్ణి పేరు, చిరునామా చెప్పి తీరాలని పట్టుబట్టకూడదు. ఆస్పత్రికి తెచ్చినవాణ్ణి అక్కడ ఆపకూడదు, డబ్బు కట్టమనకూడదు. మంచి ఉద్దేశంతో ఎత్తబోయి పొరపాటు జరిగినా, చివరికి మనిషి దక్కకపోయినా, ఎత్తినవాడి మీద సివిల్ దావా నడవదు, క్రిమినల్ కేసు నిలవదు. సాక్ష్యం చెప్పడం మీ ఇష్టం. చెప్తానంటే మీ వీలు చూసుకుని, మీ ఇంటి దగ్గరో దుకాణం దగ్గరో, ఒక్కసారి అడిగి వెళ్లాలి. మీ ఇంటికొచ్చే ఆ పోలీసాయన యూనిఫాంలో కాదు, మామూలు బట్టల్లో రావాలి! ఎదురింటివాళ్లు ఏమనుకుంటారోనన్న మీ బెంగ కూడా గెజిట్‌కెక్కింది. పిల్లనిచ్చిన మామ కూడా మీ పరువు గురించి ఇంత ఆలోచించి ఉండడు.

పేరు చెప్పకుండా వెళ్లిపోయే హక్కును సాయం చేసినవాడికి ఇచ్చింది చట్టం. మీరు సాయం చెయ్యకుండానే దాన్ని వాడేసుకుంటున్నారు.

ఈ భయాన్ని మీరొక్కరే పెంచి పోషించారంటే మిగతావాళ్ల శ్రమను తక్కువ చేసినట్టు అవుతుంది. సాయపడినవాడి హక్కులన్నీ ఇంగ్లీషు, హిందీ, స్థానిక భాషల్లో రాసి గుమ్మం దగ్గర అందరికీ కనబడేలా పెట్టాలని ఆస్పత్రులకు నియమం ఉంది. మీరు కిందటిసారి వెళ్లిన ఆస్పత్రి గుమ్మం దగ్గర ఏముందో గుర్తుతెచ్చుకోండి. మోకీలు మార్పిడికి పండగ రాయితీ ఉండి ఉంటుంది. క్యాజువాలిటీలో స్ట్రెచరు కంటే ముందు ప్రశ్న ఎదురొస్తుంది: "పేషెంటుకు మీరేమవుతారు?" ఏమీ కాను అంటే అనుమానంగా ఎగాదిగా చూస్తారు. చుట్టమని అబద్ధం చెబితే బిల్లు చేతిలో పెడతారు. స్టేషనులో అడిగేది ఇంకా సూటిగా ఉంటుంది. "నువ్వు గుద్దకపోతే నువ్వెందుకు తెచ్చావ్?" కోర్టులు, పార్లమెంటు ముప్ఫయ్యేళ్లు కష్టపడి కట్టినదాన్ని ఈ ఒక్క ప్రశ్న అరనిమిషంలో కూల్చేస్తుంది. అది అడిగిన నోటికి శిక్షేమిటో మాత్రం మనం ఎప్పుడూ వినలేదు.

అయితే మీరు పిరికివాళ్లన్న నింద మాత్రం మేం ఒప్పుకోం. హైవే మీద టమాటాల లారీయో, చేపల వ్యానో, బీరు కేసుల లారీయో బోల్తా పడిన రోజున మిమ్మల్ని చూశాం. ఏమి ఐకమత్యం! ఏమి వేగం! ఎవరూ పిలవకుండానే పక్క ఊళ్లకు కబురు అందుతుంది. బిందెలు, బస్తాలు, హెల్మెట్లు, చీరచెంగులు, అన్నీ పాత్రలవుతాయి. తల మీద ఎప్పుడూ కనబడని హెల్మెట్టు ఆ పూట నిండా చేపలతో ఇంటికి చేరుతుంది. "మీకు దక్కాయా పిన్నిగారూ?" అని అడిగి మరీ ముసలావిడ సంచి నింపే దయామయుల్ని అక్కడే చూడగలం. క్యాబిన్లో ఇరుక్కున్న డ్రైవరు "నీళ్లు" అంటున్నాడు. ఆయనకేసి ఒకసారి జాలిగా చూసి, కేసు మీద కేసు భుజానికెత్తుకుంటారు. అయ్యా, దీన్ని దొంగతనం అంటారు. దీనికి నిజంగానే కేసవుతుంది. భారతీయ న్యాయ సంహితలో సెక్షను ఉంది, శిక్ష ఉంది, జైలూ ఉంది. మనిషిని ఎత్తితే కాని కేసుకు గజగజలాడే చేతులు, బీరు ఎత్తితే తప్పక అయ్యే కేసుకు అంత ధీమాగా ఎలా ముందుకొస్తాయన్నది డార్లీ, లాటనేలు కూడా చెప్పలేకపోయారు.

మరి మనిషిని ఎత్తేదెవరు? ఎక్కువసార్లు ఆటోవాడు. కాకపోతే బజ్జీల బండివాడు, గొర్రెలు తోలుకెళ్తున్నవాడు, వెనక లారీ క్లీనరు. పూట గడవాలంటే గంట పోగొట్టుకోలేనివాళ్లే ఆ గంటను ఇచ్చేస్తారు. "సార్, కాస్త కాళ్లు పట్టండి" అని ఆటోవాడు అరుస్తుంటే, వెనక ఆగిన ఆరు ఎయిర్‌బ్యాగుల కారు అద్దం నాలుగు వేళ్లు కిందకు దిగి, "ఏమైంది?" అని అడిగి, చల్లగాలి పోతుందని మళ్లీ పైకి పోతుంది. లోపల సీట్లు తెల్లవి. ఆటోలో ఉన్నది రెగ్జిను, తుడిస్తే పోతుంది. మన సమాజంలో ప్రాణాలు నిలబడుతున్నది చాలావరకు ఆ రెగ్జిను మీదే.

2023లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో లక్షా డెబ్బై రెండు వేల మందికి పైగా పోయారు. గంటలోపు ఆస్పత్రికి చేరిస్తే కనీసం సగం మంది దక్కుతారని లా కమిషన్ 2006లోనే తన 201వ నివేదికలో రాసిపెట్టింది. ఆ గంటను అందుకోవడానికే 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో 108 పుట్టింది. తర్వాత ఎన్నో రాష్ట్రాలు దాన్ని చూసి నేర్చుకున్నాయి. ఆ బండికి దారివ్వడంలోనూ మీ ప్రతిభ తక్కువేమీ కాదు. సైరను వినబడగానే పక్కకు జరుగుతారు, అది దాటగానే దాని తోకకు అతుక్కుని ఎర్రలైటు దాటేస్తారు. లోపల ఉన్నవాడి ప్రాణం సంగతి తెలియదు గానీ, మీరు మాత్రం ఆఫీసుకు పది నిమిషాలు ముందే చేరతారు.

ఇన్ని చేసినా మీరు కదలరని ప్రభుత్వానికి అర్థమై బేరానికి దిగింది. గంటలోపు చేర్చి ప్రాణం కాపాడినవాళ్లకు అయిదు వేలంది, 2021 అక్టోబరులో. మీరు తల తిప్పలేదు. 2025లో రాహ్‌వీర్ అని బిరుదు తగిలించి పాతిక వేలు చేసింది. క్షతగాత్రుడికి ఏడు రోజుల పాటు లక్షన్నర దాకా నగదు కట్టనక్కర్లేని వైద్యాన్నీ అదే ఏడాది ప్రకటించి, "డబ్బెవరు కడతారు?" అనే మీ రెండో ప్రశ్నను కూడా లాగేసుకుంది. మీరు ఏ రేటు దగ్గర ఫోను జేబులో పెడతారో ఇంకా తేలలేదు. బేరం నడుస్తోంది.

ఈ సభకు ముఖ్య అతిథిగా మొన్నటి ఆటో డ్రైవరును పిలుద్దామని వెళ్లాం. "ఏ యాక్సిడెంటు సార్?" అని అడిగాడు. మేం తేదీ చెప్పేలోపు గిరాకీ వచ్చింది, వెళ్లిపోయాడు. అందుకని అతిథి లేకుండానే కానిచ్చేస్తున్నాం.

చివరగా ఒక్క చిన్న పని. ఎత్తినవాడికి పాతిక వేలిచ్చి, వీడియో తీసినవారికీ, తీర్పు చెప్పినవారికీ, "చేసే ఉంటార్లే" అన్నవారికీ ఏమీ ఇవ్వకపోవడం ఘోరమైన అన్యాయమని కేంద్ర రోడ్డు రవాణా శాఖకు వినతిపత్రం తయారుచేశాం. మీ పేరు, ఇంటి నంబరు, ఫోను నంబరు రాసి కింద ఒక్క సంతకం పెట్టండి. ఇదిగో పెన్ను.

అయ్యా, ఎక్కడికండీ? ఆగండి, ఆగండి! ఇది సాక్షి సంతకం కాదండీ. ఒట్టు, కేసవదు!