రీడ్లకు శ్రుతి దిద్దు యంత్రమును ఇంటనే నిర్మించు విధానము

మరమ్మతు చేయువాని యొద్దకు పంపినచో కొద్దిపాటి వ్యయముతో ముగియు హార్మోనియం పనిని స్వయముగా చేపట్టి, యావజ్జీవ వ్యాసంగముగా మార్చుకొనదలచిన ధీరుల కొఱకు ఈ విధానము వ్రాయబడుచున్నది.

ముందుగా పనికిరాని చెక్కపెట్టె నొకదానిని (పనికివచ్చునదైనను, గృహిణి చూడకుండ తీసికొన్నచో పనికిరానిదే యగును) సంపాదించి, మూతకు రీడు పట్టునంత కంత కోసి, అడుగున పాత తోలుతిత్తిని బిగింపవలెను. పనివారు అతుకులకు మెత్తని తోలు అంటించి గాలి పోకుండ చేయుదురు. ఒత్తిడి మారిన స్వరము మారునను చాదస్తముచే, నీరు పోసిన వంపుగొట్టముతో దానిని కొలుతురు. మీరు మాత్రము కోపము వచ్చినపుడు గట్టిగాను, చేయి నొచ్చినపుడు మెల్లగాను తిత్తి నొక్కుడు. రీడు నాలుక గాలి వచ్చు వైపున నుండవలెను. తిరగవేసినచో అది మౌనవ్రతము పట్టును. ఇరుగుపొరుగువారు కోరునది ఆ స్థితియే.

ఇక ఆకురాయి. ఇత్తడి నాలుకను కొనయందు రాచిన స్వరము హెచ్చును, మొదట రాచిన తగ్గును, శాస్త్రమంతయు ఇంతియే. కావున హెచ్చినదానిని తగ్గించుచు, తగ్గినదానిని హెచ్చించుచు పోయినచో, శ్రుతి కుదురకున్నను ఇత్తడిపొడి సమృద్ధిగా లభించును. నాలుక క్రింద పలుచని ఉక్కురేకు దూర్చి రాచుట, రాపిడికి వేడెక్కిన లోహము చల్లారువఱకు ఆగి వినుట యనునవి సహనము గలవారి వ్యసనములు.

జంటరీడ్లలో నొకటి సెకనుకు 440, వేఱొకటి 442 కంపనములు చేసినచో నాదము సెకనుకు రెండుమార్లు అలగా లేచి పడును. నిపుణులు ఆ అలలను లెక్కించి శ్రుతి కలుపుదురు. మీరు వానిని గమకములని ప్రకటింపుడు. గమకము పలుకజాలదను నెపముతో రేడియోవారు 1940లో హార్మోనియమును నిషేధించి, 1971లో గాని ఆ పట్టు సడలింపలేదు గదా, ఆ అపవాదును మాపిన కీర్తి మీదగును.

యంత్రముపై కుదిరిన రీడు స్వస్థానమున బిగించినంతనే మఱొక స్వరము పలుకుట కద్దు. అక్కడి గాలియఱ వేఱగుటయే కారణము. బుద్ధిమంతులు తుదిమెఱుగు హార్మోనియంలోనే దిద్దుదురు. మీకంత శ్రమ యేల? నేరుగా నాటకమునకు పొండు. రాయబారఘట్టమున కృష్ణపాత్రధారి పద్యమెత్తుకొని, రాగము సాగదీయలేక, కనుబొమలెత్తి మీ వైపు చూచును. అపుడు బెదరక, తిత్తిని మఱింత బలముగా త్రొక్కుచు, తబలావాని వైపు అనుమానముగా చూడవలెను.