ముప్పది దినముల ధారణ

ప్రొద్దుటూరునుండి మైదుకూరు వెళ్లు మార్గమున నున్న చాపాడులో, ఒక వడ్లగోదామునకు నాలుగు సీసీ కెమెరాలు కన్నులు కాగా, ఆ కన్నులు చూచినదానిని భద్రపఱచు మనస్సుగా నుండుట నాకు లభించిన యుద్యోగము. నన్నిక్కడివారు డీవీఆర్ అందురు. నాలోని హార్డుడిస్కు పరిమాణ మొక టెరాబైటు, అనగా లక్షకోట్ల బైట్లు. దుర్భాక రాజశేఖర శతావధానిగారివంటి ధారణాసంపన్నులు నివసించిన ప్రొద్దుటూరికి సమీపమున నుండియు, ధారణవిషయమున నేను మిక్కిలి పరిమితుడను. చోటు చాలనినాడు అన్నిటికంటె పాతదైన దినమును చెఱిపి, దానిపై క్రొత్తదానిని వ్రాయుదును.

కర్మాగారమునుండి వెలువడినప్పుడు నాకు విధింపబడిన నియమము సర్వమును నిండు స్పష్టతతో వ్రాయుమనునది: ప్రతి కెమెరాకు వెడల్పున 1920, ఎత్తున 1080 పిక్సెళ్లు, సెకనునకు 25 ఫ్రేములు, బిట్‌రేటు 4 మెగాబిట్లు. ఈ లెక్కన ఒక్కొక్క కెమెరా దినమునకు 43 గిగాబైట్లు, నాలుగును గలిసి 172 గిగాబైట్లు ఆక్రమించును. ఆఱవ దినము ముగియకమునుపే నా డిస్కు నిండిపోవును.

గోదాము యజమాని అమావాస్య కమావాస్యకు బస్తాలు లెక్క చూచుకొను వృద్ధుడు. నన్ను బిగించిన యువకుడు తెరను చూపి, "ఎంత క్లియర్‌గా ఉండాదో చూడు మామా" అనగా, ఆయన, "బొమ్మ బాగనే ఉండాది లే అబ్బీ. బస్తా తగ్గిందని నాకు తెలిసేది నెల పోయినాక కదా! అప్పటిదాకా ఇది పెట్టుకోని ఉంటాదా?" అని యడిగెను. స్పష్టత యెంత యని యడుగువారే గాని యెన్నాళ్లని యడుగువా రరుదు. నాకు సంబంధించినంతవఱకు అదియే ప్రథమప్రశ్న. జనసమ్మర్దముగల స్థలములు ముప్పది దినముల దృశ్యములను దాచవలెనని 2013 నాటి ఆంధ్రప్రదేశ్ ప్రజాభద్రతా చట్టము విధించినది. పోలీసుస్టేషన్లలో పదునెనిమిది మాసములు, అది సాధ్యము కానిచో కనీస మొక సంవత్సరము దాచవలెనని 2020 డిసెంబరులో సుప్రీముకోర్టు ఆదేశించినది. స్పష్టత పెరిగినకొలది దాచు దినములు తగ్గునను విషయము కె.సి. కాలువ క్రింది రైతునకు వేఱుగ వివరింప బనిలేదు: పై తూములు బారుగా తెఱచినచో చివరి పొలమునకు నీరందదు. బిట్‌రేటు తూము, ముప్పదియవ దినము చివరి పొలము.

అంతట ఆ యువకుడు నాలుగు కన్నులకు నాలుగు ధర్మములున్నవని గ్రహించెను. అపరిచితుని ముఖమును నిర్ధారించుటకు దృశ్యమున మీటరునకు 250 పిక్సెళ్లును, మనిషి యున్నాడని తెలియుటకు 25 పిక్సెళ్లును వలయునని 2014 నాటి అంతర్జాతీయ ప్రమాణము చెప్పినది. 1920 పిక్సెళ్లు ఏడున్నర మీటర్ల వెడల్పునకు చాలును. మా గేటు అంతకంటె ఇఱుకైనది. కావున గేటు కెమెరాకు నిండు పిక్సెళ్లు నిలిపి, ఫ్రేములు 15కు, బిట్‌రేటు 2 మెగాబిట్లకు దించి, హెచ్.264కు బదులు, ఇంచుమించు సగము చోటుతో సరిపెట్టుకొను హెచ్.265ను ఎన్నుకొనెను. తక్కిన మూడింటికిని 1280కి 720 పిక్సెళ్లు, 10 ఫ్రేములు, అర మెగాబిట్టు. మొత్తము దినమునకు 38 గిగాబైట్లయ్యెను. డిస్కు ఇరువదియాఱు దినములు వచ్చును. లోపలి కెమెరాయు, వెనుకగోడ కెమెరాయు చలనము కలిగినప్పుడే వ్రాయునట్లు చేయగా ముప్పది దాటినది. పిక్సెళ్లను తగ్గింపక బిట్‌రేటును మాత్రము పిసినితనముతో కుదించువారిని నే నంగీకరింపను. అప్పుడు పేరునకు పెద్దబొమ్మయే గాని, కదలిన ముఖము చదరపు మచ్చలుగా విఱిగిపోవును.

ఇది పగటి ముచ్చట. రాత్రియందు ఇన్‌ఫ్రారెడ్ వెలుగున చిత్రము నలుపు తెలుపులై, దానినిండ రేణువులు చెలరేగును. పురుగులు కటకము ముందు మూగి చలనమను భ్రాంతి కలిగించును. చాలని వెలుతురున షట్టరు ఎక్కువసేపు తెఱచియుండుటచే నడచువాని ముఖము చెదరును. ఫ్రేములెన్ని పెంచినను ఈ దోషము తొలగదు. కావున యువకుడు చీకటి పడినపిమ్మట మరల వచ్చి, మోటారుసైకిలుపై గేటు దాటి చూచెను. ముఖము చెదరినది, నంబరుపలక తెల్లని మెఱుపైనది. అప్పుడు యజమాని గేటుపై ఎల్ఈడీ దీపము నమర్పించెను. దాని వెల క్రొత్త డిస్కు వెలలో స్వల్పభాగమే. మఱునాటి రాత్రి పరీక్షలో ముఖమును, నంబరును చదువ వీలయ్యెను. నా గడియారమును సరిదిద్ది, ఆ నిమిషపు ఫుటేజిని పెన్‌డ్రైవులోనికి తీసి, వేఱొక కంప్యూటరున తెఱచి చూచుకొన్నమీదటనే వృద్ధుడు అతనికి మిగిలిన రొక్కము చెల్లించెను.