లాసెట్ బాబాయి

లాసెట్‌లో అర్హత సాధించడం బ్రహ్మవిద్యేమీ కాదు. 120 ప్రశ్నలు, గంటన్నర టైము, 42 మార్కులు వస్తే ర్యాంకు కార్డు చేతికొస్తుంది. వయసు అడ్డు రాదు. తప్పు రాసినా మార్కులు కొయ్యరు. కష్టమంతా ఆ పరీక్షకి చదివే మనిషితో ఒకే ఇంట్లో బతకడమే. ఈ మాట మా పిన్నిది. నేనూ ఆవిడ పక్షమే.

ఇలాంటివారు ఊరికొకరుంటారు. ఉద్యోగమంతా ఫైళ్ళ మీద సంతకాలు పెట్టి, పెన్షన్ కాగితాలు అందిన మర్నాడే "అసలు నేను లాయరు కావాల్సినవాణ్ణిరా" అంటారు. కదిపి చూస్తే వెనకాల ఒక గట్టు తగాదా బయటపడుతుంది. మా బాబాయికీ ఉంది. పక్క చేనాయన గట్టు జానెడు ఇవతలికి జరిపాడట. ఆ జానెడు నేల కోసం బాబాయి రాజ్యాంగమంతా చదివేశాడు.

తప్పుకి మార్కులు పోవన్న నిబంధన ఆయనకి తెగ నచ్చింది. దాన్ని హాల్లోనే వదిలేసి రాకుండా ఇంటికి తెచ్చుకున్నాడు. క్రికెట్, కీళ్ళనొప్పులు, పక్కింటి పెళ్ళి సంబంధం... దేన్నీ జవాబు రాయకుండా వదలడు.

2024 జూలై 1న మాత్రం పెద్ద దెబ్బే తగిలింది. పాత శిక్షాస్మృతిలోని 511 సెక్షన్లలో అసలైనవన్నీ కంఠతా పట్టి కూర్చున్నాడా, ఆ రోజు నుంచి భారతీయ న్యాయ సంహిత 358 సెక్షన్లతో అమల్లోకి వచ్చింది. హత్య 302 నుంచి 103కి, మోసం 420 నుంచి 318కి మారిపోయాయి. కొన్నాళ్ళు అన్నం సయించలేదు. తేరుకున్నాక, పాలల్లో నీళ్ళెక్కువయ్యాయని పాలవాణ్ణి "ఒరేయ్ 318!" అని కేకేశాడు. వాడు చీటీ తీసి చూసుకుని, "318 కాదండీ, 340 రావాలి" అన్నాడు.

అన్నిటికంటే ఆయన్ని ఏడిపించేది మెంటల్ ఎబిలిటీలో రక్తసంబంధాల బిట్టు. ఊళ్ళో ఎవరికెవరు ఏమవుతారో నాలుగు తరాల వెనక్కి వెళ్ళి చెప్పగల మనిషి, "ఏ అనే వ్యక్తికి బీ తల్లి. బీ సోదరుడు సీ. ఏకి సీ ఏమవుతాడు?" అంటే చాలు, పెన్ను కింద పెట్టేస్తాడు. మేనమామే కదా బాబాయ్ అంటే ఒప్పుకోడు. "ఇంటిపేరు చెప్పకుండా చుట్టరికం ఎలా కలుపుతార్రా? ఈ బీ గారిది ఏ ఊరు? సీ పెదతల్లి కొడుకైతేనో?" అంటూ కూర్చుంటాడు. గంటన్నరలో పావుగంట బీ గారి పుట్టింటి వాకబుకే పోతుంది.

చదివింది చదివినట్టు మా మీదే ప్రయోగిస్తాడు. ఓసారి ఆయన దగ్గర తీసుకున్న చేబదులు గురించి అడిగితే, చూసి చెబుతానన్నాను. "సమాచార హక్కు చట్టం 2005 ప్రకారం నీకు 30 రోజులు. దాటితే మొదటి అప్పీలు మీ నాన్నకి" అన్నాడు. అప్పీలు నిజంగానే వెళ్ళింది. మా నాన్న ఆయన అన్నగారు కాబట్టి తీర్పు ఎటు వచ్చిందో చెప్పక్కర్లేదు.

పిన్ని మాత్రం అంత తేలిగ్గా దొరకదు. పెళ్ళిరోజుకి చేయిస్తానన్న గాజుల మాటెత్తితే, "భార్యాభర్తలు ఇంట్లో అనుకునే మాట ఒప్పందం కాదు. బాల్ఫోర్ కేసు, ఇంగ్లండు అప్పీలు కోర్టు, 1919" అన్నాడు బాబాయి. "అయితే మీ నాలుగింటి కాఫీ కూడా ఒప్పందం కాదు" అని పిన్ని వంటింటి లైటు ఆర్పేసింది. వారం తిరక్కుండా గాజులొచ్చాయి.

విసుక్కుంటాం గానీ, వీధిలో ఎవరికి అర్జీ కావాలన్నా ఆయనే రాసిపెడతాడు. పైసా ముట్టుకోడు. వితంతు పింఛను ఆగిపోయిన ముసలమ్మ కోసం, అది మళ్ళీ వచ్చేదాకా మండలాఫీసు మెట్లు వదల్లేదు. అంతంత ఫీజులు తీసుకునే ప్లీడర్లలో ఆ ఓపిక ఎందరికుందో నాకనుమానమే.

ర్యాంకు ఏటా వస్తుంది. కౌన్సెలింగుకి మాత్రం వెళ్ళడు. కాలేజీలో చేరితే లెక్చరరు చెప్పేది వినాలి కదా, వినడం ఆయన సిలబస్‌లో లేదు. ఇంకా మంచి ర్యాంకు రావాలని పైకి చెబుతాడు. ఈ ఏడూ దరఖాస్తు పెట్టాడు.

ఇక ఆ గట్టు తగాదా అంటారా, పోయిన సంక్రాంతికి పిన్నీ, పక్క చేనాయన భార్యా అరిసెలు వండుకుంటూ మాట్లాడుకుని తేల్చేశారు. బాబాయికి ఇంకా ఎవరూ చెప్పలేదు. పరీక్ష ముందు మనసు పాడుచేయడం ఎందుకని ఆగాం.